బ్రహ్మకపాలం దారిలో

నాన్నగారి సంవత్సరీకాలు అయిన దగ్గర్నుంచి అమ్మది ఒకటే పాట: బదరీ వెళ్ళాలి, బ్రహ్మకపాలంలో పెట్టి రావాలి. ఏం పెట్టాలో చెప్పదు. మా గోదావరి వైపు ఎవరూ చెప్పరు. "గయలో పెట్టొచ్చారా?" అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. చావు చుట్టూ ఉండే మాటల్ని మా ఇళ్ళల్లో ఇలాగే సగం మింగేసి పలుకుతారు. దీపాలు పెట్టేవేళ పుర్రె అన్నామంటే అమ్మ చేతిలో పని ఆపి మరీ "ఛ, ఏం మాటలవి" అని కసురుతుంది. అదే మనిషి బ్రహ్మకపాలం అన్న మాటను ఆ ఏడాదంతా పూటకోసారి ఎంతో ఇష్టంగా అంది. కపాలమన్నా పుర్రె అన్నా ఒకటే కదమ్మా అంటే ఒప్పుకోదు. "అది క్షేత్రంరా. దానికీ దీనికీ పోలికేవిటి?" అంటుంది.

నిజానికి ఒకటే ఎముక. దేవుడి చేతిలో ఉంటే కపాలం, శ్మశానంలో పడుంటే పుర్రె, బతికున్న మనిషి మెడమీద ఉంటే బుర్ర. ఈ మూడు మాటలనూ ఒకదానితో ఒకటి తగలకుండా మనవాళ్ళు ఎంత జాగ్రత్తగా వాడుకుంటారో ఆ దారి పొడుగునా వింటూ వెళ్ళాను.

మాతో పాటు మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఎంబీబీఎస్ రెండో ఏడు చదువుతున్నాడు. వాడికి నాలుగో మాట ఉంది: స్కల్. కాలేజీలో గానీ హాస్టల్లో గానీ పుర్రె అనే మాటే వినపడదట. "పుర్రె అంటే ఎవరిదో అనిపిస్తుంది మావయ్యా. స్కల్ అంటే పుస్తకంలో బొమ్మ" అన్నాడు. వాడి గదిలో బల్లకింద అట్టపెట్టెలో ఒక ఎముకల సెట్టు ఉంది. సీనియర్ దగ్గర కొన్నది, ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర కొన్నది. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్‌వి వాడుతున్నారు గానీ ఇది అసలుదే. ఆ సంగతి అమ్మకు చెప్పొద్దని బయల్దేరేముందు నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఋషికేశ్‌లో టీటీడీ వారి ఆంధ్రా ఆశ్రమంలో దిగాం. అక్కణ్ణుంచి బదరీనాథ్ దాదాపు 300 కిలోమీటర్లు, అంతా కొండదారి. భోజనాల దగ్గర శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయనొకరు పలకరించి "మీరూ కపాలానికేనా?" అన్నారు. అలవాటు మీద బ్రహ్మ జారిపోయి కపాలం ఒక్కటే మిగిలింది. ఆయన గొంతులో భయం లేదు, మైల లేదు, ఊరిపేరు చెప్పినట్టే చెప్పారు. పక్క బంతిలో ఒకావిడ మనవణ్ణి "నా బుర్ర తినకురా, ముద్ద తిను" అని గదమాయిస్తోంది.

బుర్ర మాత్రం మనకు రోజంతా కావాలి. లెక్క బుర్రకెక్కదు, ఆఫీసులో బుర్ర వేడెక్కుతుంది, మట్టిబుర్ర అని మేష్టారు తిడతారు, బుర్ర ఉపయోగించరా అని నాన్న అంటాడు. ఇదే మాట ఎండబెట్టి లోపలి గుజ్జు తీసేసిన సొరకాయకూ ఉంది. సొరబుర్రలో నీళ్ళు పోసుకుని పొలానికి పట్టుకెళ్ళేవాళ్ళను చిన్నప్పుడు చూశాను. బుర్రకథకు ఆ పేరొచ్చింది కూడా కథకుడి భుజంమీది తంబురా బుర్రను బట్టే. సంస్కృతంలో కపాలానిదీ ఇదే కథ. కపాలమంటే పుర్రె కాక ముందు కుండపెంకు, చిప్ప. యజ్ఞాల్లో పురోడాశమనే పిండిరొట్టెను మట్టిపెంకుల మీద కాలుస్తారు. ఆ పెంకులే కపాలాలు. అగ్నికి ఎనిమిది పెంకుల మీద కాల్చింది అష్టాకపాలం. రెండు భాషల వాళ్ళూ, ఒకరినొకరు అడక్కుండానే, తలను పాత్రగానే చూశారన్నమాట. దానిలో ఏం పోసుకున్నాం అన్నదే మిగతా సంగతి.

తెల్లారకుండానే బయల్దేరాం. డ్రైవరు గఢ్వాలీ కుర్రాడు, మాటకారి. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసేచోట కాసేపు ఆగాం. ఒకటి మట్టిరంగు, ఒకటి ఆకుపచ్చ. కలిసిన తరువాత కూడా కొంతదూరం రంగులు విడివిడిగానే పోతున్నాయి. అమ్మ మెట్లు దిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంది. రుద్రప్రయాగ దాటాక రోడ్డుపక్క దుకాణంలో టిఫిన్‌కు దిగితే మావాడు ఇడ్లీ వద్దు, పూరీ వద్దు, మ్యాగీ కావాలన్నాడు. హిమాలయాల్లో ఏ మలుపులో చూసినా మ్యాగీయే. అమ్మ వాడి గిన్నె వంక చూసి "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అంది.

దీపాలవేళ నిషిద్ధమైన మాట అమ్మ నోట ఎంత తేలిగ్గా వచ్చిందో! సామెతలో ఉంటే దానికి దోషం లేదు. "నీ పుర్రెలో ఏ పురుగు దూరిందిరా" అనే తిట్టులోనూ లేదు. ఆలోచించి చూస్తే ఈ రెండుచోట్లా పుర్రె చచ్చినవాడిది కాదు. బుద్ధి పుట్టేచోటు అది, అందులోనూ పక్కవాడికి అంతుపట్టని బుద్ధి. సామెత కట్టినవాళ్ళకు పుర్రె అంటే వెరపు లేదు. మనిషికీ మనిషికీ తేడా ఎక్కడుందో చెప్పడానికి వాళ్ళకు ఆ ఎముకే గుర్తొచ్చింది.

ఆ దుకాణం వెనకాలే ట్రాన్స్‌ఫార్మరు. మావాడు నది ఫొటో కోసం కంచె దగ్గరికి వెళ్ళబోతే అమ్మ ఒక్క అరుపు అరిచింది: "అటెళ్ళకు, బొమ్మ చూడు!" ఎర్రరేకు మీద పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు, హిందీలో ఖతరా అని, 11,000 వోల్టులని. అమ్మకు హిందీ అక్షరం ముక్క రాదు. ఆ బొమ్మకు అక్షరాలతో పని లేదు. మా ఊళ్ళో పొలం పనిచేసే మనిషికి పురుగుమందు పేరు చదవడం రాకపోయినా, డబ్బామీద మూలన నిలబెట్టిన పలకలాంటి ముద్ర కింది సగం ఎర్రగా ఉండి పై సగంలో పుర్రె ఉంటే, అన్నింటికన్నా పెద్ద విషమని తెలుసు. "పుర్రె గుర్తు మందు, చేతులు కడుక్కో" అంటాడు. ఎంతమంది ప్రాణాలు కాపాడిందో గానీ, మన రోజువారీ బతుకులో పుర్రె నమ్మకంగా చేస్తున్న పెద్ద పని ఇదే.

కర్ణప్రయాగలో టీ తాగుతూ డ్రైవరు పిండర్ నది వచ్చేవైపు చెయ్యి చూపించాడు. "ఆ లోయ మీదుగా పైకి పోతే రూప్‌కుండ్. కంకాళాల చెరువు" అన్నాడు. 5,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న చెరువు. ఏడాదిలో ఎక్కువ రోజులు గడ్డకట్టి ఉంటుంది. 1942లో అటవీశాఖ రేంజరొకాయన అక్కడ వందలాది మనుషుల ఎముకలను చూసి లోకానికి చెప్పాడు. నందాదేవి యాత్రకు నర్తకీమణులతో సహా ఆడంబరంగా వచ్చిన కన్నౌజ్ రాజు పరివారం మీద అమ్మవారు ఇనుపగుండ్లలాంటి వడగళ్ళు కురిపించిందని అక్కడివాళ్ళ పాటల్లో ఉంది. పరిశోధకులు కొన్ని పుర్రెలు పరీక్షిస్తే మాడుమీద, పైనుంచి గుండ్రటిదేదో పడి తగిలినట్టు దెబ్బలు కనపడ్డాయి. ఆయుధాల గాట్లు కావవి. పాట అబద్ధం కాదేమో అని అందరూ అనుకున్నారు.

అసలు విచిత్రం ఆ తరువాతది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న అధ్యయనం 2019లో వెలువడింది. 38 మంది ఎముకల్లోంచి జన్యువులు తీసి చూస్తే 23 మంది మన ఉపఖండం వాళ్ళు, సుమారు క్రీస్తుశకం 800 నాటివాళ్ళు. వీళ్ళయినా ఒక్కసారిగా పోయినవాళ్ళు కారట. మరో 14 మంది జన్యువులు ఇప్పటి గ్రీసు, క్రీటు ప్రాంతాల వాళ్ళకు దగ్గరగా ఉన్నాయి. ఆగ్నేయాసియా మనిషి ఒకడున్నాడు. ఈ పదిహేనుమందీ మాత్రం సుమారు 200 ఏళ్ళ కిందటివాళ్ళు. మధ్యధరా సముద్రం పక్కవాళ్ళు ఆ మంచుచెరువు గట్టున ఎందుకు చనిపోయారో పుర్రెలు చెప్పలేదు. మావాడు ఇదంతా ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే అమ్మ విని విని ఒకటే అడిగింది.

"మరి వాళ్ళకెవరైనా పెట్టారా?"

వాడి దగ్గర జవాబు లేదు. కారు కదిలాక చాలాసేపు వాడేం మాట్లాడలేదు.

రాత్రికి జోషీమఠ్ చేరాం. 2023 జనవరిలో నేల కుంగి వందల ఇళ్ళ గోడలు బీటలు వారిన ఊరు ఇదే. ఉండడానికి పనికిరాదని ఎర్రరంగు గుర్తు వేసిన గోడలు సందుల్లో కనపడుతూనే ఉన్నాయి. నరసింహస్వామి గుడికి వెళ్ళాం. చలికాలం బదరీ గుడి మూసేశాక ఆదిశంకరుల గద్దెను ఇక్కడికే తెస్తారు. ఆ నరసింహుడి ముందు నిలబడితే మన తెలుగునేల మీది కథ గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది? ఉగ్రభైరవుడనే కాపాలికుడు శంకరులను ఆశ్రయించి, తన హోమానికి సర్వజ్ఞుడి తల కావాలని అడిగాడట. శంకరులు సరే తీసుకోమన్నారు. కత్తి ఎత్తేవేళకు నరసింహోపాసకుడైన శిష్యుడు పద్మపాదుడి మీదికి స్వామి ఆవహించి కాపాలికుణ్ణి చీల్చేశాడు. ఇది శ్రీశైలంలో జరిగిందని చెప్పుకుంటాం. శ్రీశైలం ఒకప్పుడు కాపాలికులకు పేరుపడ్డ చోటు. భవభూతి సంస్కృత నాటకం మాలతీమాధవంలో కాపాలిక స్త్రీ కపాలకుండల గురువు శ్రీపర్వతం నుంచి, అంటే శ్రీశైలం నుంచి వచ్చినవాడే. పుర్రెలో తిని, పుర్రెలో తాగి తిరిగిన ఆ మతం వాళ్ళు మన కొండల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయారు. పుర్రె మాటంటే మనకున్న బెదురులో వాళ్ళ జ్ఞాపకం కొంత ఉందేమోనని నా అనుమానం.

తమిళులకు ఈ బెదురు తక్కువ. మైలాపూర్ స్వామి కపాలీశ్వరుడు, మనుషులకు కపాలి అని పేరు పెట్టుకుంటారు, రజనీకాంత్ ఆ పేరుతోనే సినిమాలో నటించాడు. మనం శివుడి పేర్లు ఎన్నో పెట్టుకుంటాం గానీ కపాలి అని పిల్లవాడికి పేరు పెట్టిన తెలుగిల్లు నేను చూడలేదు. పాత కావ్యాల్లో శివుడి పుర్రెలను పునుకలనేవారు. ఆ మాటనూ వదిలేశాం.

పొద్దున్నే బసముందు అరుగుమీద విశాఖపట్నం బృందం ఒకటి వరుసగా కూచుని కపాలభాతి చేస్తోంది. చలికి ముక్కుల్లోంచి పొగలు. ఇదొక్కటి చూస్తే ముచ్చటేసింది. టీవీ పుణ్యమా అని కపాలం మళ్ళీ మన ఇళ్ళలోకి వచ్చింది, అదీ ఆరోగ్యం పేరుతో. "కపాలభాతి అయిందా?" అని ఇప్పుడు కోడలు మామగారిని అడుగుతుంది. అమ్మ కూడా చేయబోతే మావాడు ఆపాడు. "నీకు బీపీ ఉంది అమ్మమ్మా, ఈ ఎత్తులో అసలొద్దు."

జోషీమఠ్ నుంచి 45 కిలోమీటర్లు. విష్ణుప్రయాగ, గోవింద్‌ఘాట్, పాండుకేశ్వర్, హనుమాన్‌చట్టి. ఆ చివరి ఎక్కుడు గురించి ఎంత చెప్పినా తక్కువే గనక చెప్పను. 3,100 మీటర్ల ఎత్తున బదరీనాథ్. నర, నారాయణ పర్వతాల నడుమ ఊరు, వెనక నీలకంఠం మంచుముద్ద. కేరళ నుంచి వచ్చిన నంబూద్రి రావల్‌గారి పూజ, నల్లని సాలగ్రామ శిలలో పద్మాసనంలో కూచున్న స్వామి. దర్శనం బాగా జరిగింది. తప్తకుండం నీళ్ళు ఒళ్ళు చురుక్కుమనేంత వేడి. అమ్మ ఆ నీళ్ళలోంచి రానంది.

ఆ రాత్రి గదిలో, నాలుగు రజాయిల కింద అమ్మ, మంచం పక్కన మావాడు. తలనొప్పి అంటే తల నొక్కుతున్నాడు. నొక్కుతూ నొక్కుతూ పాఠం మొదలుపెట్టాడు. "అమ్మమ్మా, తలంటే ఒక్క ఎముక కాదు తెలుసా? మొత్తం 22. మెదడు చుట్టూ 8, మొహంలో 14. కింది దవడ ఒక్కటే కదులుతుంది, మిగతావన్నీ అతుక్కుని ఉంటాయి." వాడి వేలు నుదుటిపై నుంచి నడినెత్తి మీదుగా వెనక్కి పోయింది. "ఇదిగో, ఈ దారంట ఒక అతుకు. అడ్డంగా ఇక్కడొకటి. వెనకొకటి. వంకరటింకరగా, ఎవరో రాసినట్టుంటాయి."

"రాసినట్టేవిట్రా, రాసిందే" అంది అమ్మ కళ్ళు తెరవకుండా. "బ్రహ్మరాత అదే. మా నాయనమ్మ చెప్పేది, కాలాక కూడా పుర్రెమీద కనపడుతుందని."

ఈసారి ఆ మాట సామెతలో రాలేదు. మావాడు నావంక చూశాడు. నేను మాట్లాడలేదు.

"నువ్వు పుట్టినప్పుడు ఇక్కడ" అని అమ్మ వాడి చెయ్యి పట్టుకుని తన నడినెత్తిన పెట్టుకుంది, "ఇక్కడ మాడు మెత్తగా, లబ్‌లబ్‌మని కొట్టుకుంటూ ఉండేది. రోజూ ఆముదం పెట్టి అద్దేదాన్ని. మీ అమ్మకు తాకాలంటే భయం."

"దాన్నే ఫాంటనెల్ అంటారు అమ్మమ్మా. కాన్పులో తల ఒదిగి బయటికి రావడానికి, తరవాత మెదడు పెరగడానికి ఎముకల మధ్య అలా వదిలిపెట్టి ఉంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ళకు పూడిపోతుంది."

"ఆ పూడింది ఎవరి ఆముదంతోరా?" అంది అమ్మ. వాడు వాదించలేదు. నాకు మాత్రం ఆ గదిలో రెండు చదువులూ ఒకే తలమీద చెయ్యి వేసి మాట్లాడుకుంటున్నట్టుగా ఎంతో తృప్తి కలిగింది. యోగులు ప్రాణం ఆ మాడు దగ్గరి బ్రహ్మరంధ్రంలోంచి పోవాలంటారు, దాన్నే కపాలమోక్షమంటారు. మనం రోజూ వాడేది వేరు. మోటార్‌సైకిల్ మీద హెల్మెట్ లేకుండా పోయేవాణ్ణి "కపాలమోక్షం అవుతుందిరా" అంటాం. కాట్లో అదే మాటకు మరో అర్థం. నాన్నగారికి నిప్పంటించి వెనక్కి తిరిగి నిలబడ్డప్పుడు, చాలాసేపటికి చితిలో టప్‌మని చప్పుడైంది. కాటి దగ్గర పనిచేసే ఆయన నా భుజం తట్టి, "కపాలమోక్షం అయింది బాబూ, ఇంక పదండి" అన్నాడు. అంతకుముందు నా భుజంమీద నీళ్ళకుండకు చిల్లులు పెట్టించి తిప్పించిందీ, వెనక్కి పడేసి పగలగొట్టించిందీ ఆయనే. కుండ పెంకులూ కపాలాలే. ఆ రోజు ఈ రెండూ ఒకే గంటలో పగిలాయి.

మర్నాడు తెల్లవారుఝామున బ్రహ్మకపాలానికి వెళ్ళాం. గుడికి ఉత్తరంగా కొద్ది నడక. అలకనంద ఒడ్డునే చదునైన అరుగు, దిగువన హోరుమని నీళ్ళు. చూడబోతే కపాలంలా ఏమీ లేదు. స్థలపురాణం పురోహితుడు రెండు ముక్కల్లో చెప్పారు. బ్రహ్మకు ఒకప్పుడు అయిదు తలలు. అహంకరిస్తే శివుడు అయిదోది తుంచాడు. ఆ కపాలం శివుడి చేతికి అంటుకుపోయింది. దాన్నే భిక్షాపాత్రగా పట్టుకుని లోకాలన్నీ తిరిగి ఇక్కడికొస్తే ఊడిపడింది. ఊడింది తమ దగ్గరేనని కాశీలో కపాలమోచన తీర్థం వాళ్ళూ చెబుతారు. పోటీ పడవలసిన సంగతి కాదది. నన్ను పట్టుకున్నది వేరే: లోకంలో అందరి తలరాతలూ రాసేవాడి తల ఒకటి ఇక్కడ రాలిందని నమ్మి, మనవాళ్ళు తమవాళ్ళ పేర్లు చెప్పుకోవడానికి ఇంతదూరం వస్తున్నారు.

అవును, పేర్లు. అక్కడ జరిగేది అదే. దర్భలు, నువ్వులు, అన్నం ముద్దలు, అలకనంద నీళ్ళు సరే; పురోహితుడు ముద్ద ముద్దకూ ఆగి పేరడుగుతాడు. మా పురోహితుడు గఢ్వాలీ. తెలుగు యాత్రికుల పుణ్యాన ఆయనకు "గోత్రం చెప్పండి, పేరు చెప్పండి, తాతగారు, ముత్తాతగారు, నాయనమ్మగారు" అనే మాటలు చక్కగా వచ్చు. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, వాళ్ళతో ఆడవాళ్ళు. గోత్రం దగ్గర ఎవరూ తడబడరు. తాత పేరు చెబుతారు, ముత్తాత పేరు ఆస్తి కాగితాల్లో చూసి ఉంటారు గనక చెబుతారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అరుగంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కొక్కరూ లేచి పక్కకు వెళ్ళి ఫోను చేస్తున్నారు. "పెద్దమ్మా, తాతయ్యగారి అమ్మ పేరేంటి?" "అత్తా, అమ్మమ్మను అందరూ బుల్లెమ్మ అనేవాళ్ళు కదా, అసలు పేరేంటి?" సిగ్నల్ అందక చేతులెత్తి అటూ ఇటూ తిరిగేవాళ్ళు. అవతల ఎత్తకపోతే మళ్ళీ వచ్చి కూచుని, "తెలీదు" అనేవాళ్ళు. తెలియనివాళ్ళకు చెప్పించడానికి మంత్రం ఉంది, పని ఆగదు. కానీ ఆ మాట పలికేటప్పుడు మొహాలు నేను చూశాను.

మాకు ఆ ఇబ్బంది రాలేదు. ఊళ్ళోనే అమ్మ నాచేత నోట్‌బుక్‌లో రాయించింది. తన అత్తగారి అత్తగారి పేరు కూడా, ముద్దుపేరు వేరుగా, అసలు పేరు వేరుగా. ఆ పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. డెబ్బై దాటిన ఆ ఒక్క బుర్రలో ఉన్నాయి.

పేర్లన్నీ అయ్యాక కారుణ్య పితరులకు పెడతారు. పిల్లల్లేకుండా పోయినవాళ్ళు, స్నేహితులు, గురువులు, పనివాళ్ళు, ఎవరైనా సరే. తండ్రి ఉన్నవాడు గనక మావాడు పెట్టకూడదు. అరుగు అంచున అమ్మ పక్కన కూచుని చూస్తున్నవాడు లేచి నా వెనక్కి వచ్చి మెల్లగా అన్నాడు: "మావయ్యా, నా గదిలో ఉన్నారే, ఆయనకూ ఒకటి పెట్టవా?"

నేను తిరిగి చూశాను. వాడు పురోహితుడికి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పుర్రె ఎవరిదో తెలీదు. ఆడమనిషిదా మగమనిషిదా అంటే కనుబొమ్మల గట్టునుబట్టి మగవాడనుకుంటున్నారు. ఎన్ని చేతులు మారిందో తెలీదు. ఇదివరకు కోల్‌కతా చుట్టుపక్కల నుంచి ప్రపంచమంతటి వైద్య కళాశాలలకు మనుషుల ఎముకలు ఎగుమతి అయ్యేవి. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా అదొక పెద్ద వ్యాపారం. నిరుపేదల శవాలు, దిక్కులేని శవాలు, పాతిన చోటినుంచి తవ్వినవి. అలా దేశంలో మిగిలిపోయిన సెట్లు ఇప్పటికీ హాస్టల్ గదుల్లో తిరుగుతున్నాయి. "రోజూ ఆయన తలమీద పెన్సిల్‌తో గీతలు గీసి చదువుకున్నాను" అన్నాడు వాడు.

అమ్మ వింటోందని వాడికి అప్పుడు తట్టింది. ఇంత దూరం దాచినది మొత్తం బయటపడింది. నేను అమ్మ వంక చూశాను, ఏమంటుందోనని. అమ్మ పురోహితుణ్ణి అడిగింది, తెలుగులోనే: "పేరు లేకపోతే పెట్టొచ్చా బాబూ?"

"పెట్టొచ్చమ్మా. అలాంటివాళ్ళ కోసమే ఇది" అన్నారాయన.

ఒక ముద్ద వేరుగా చేశాను. గోత్రం తెలియని, పేరు తెలియని, విద్య నేర్పినవాడు అని ఆయన సంస్కృతంలో చెప్పించారు, నేను పలికాను. తిలోదకం వదిలాను. తరువాత అమ్మ అడిగితే రూప్‌కుండ్ చెరువుగట్టు వాళ్ళందరికీ కలిపి ఇంకోటి.

ఇక్కడ పెడితే మళ్ళీ ఎక్కడా పెట్టనక్కర్లేదంటారు, గయలో కూడా. ఏటేటా తద్దినాలు మానేయొచ్చా అన్నది తెలుగువాళ్ళందరూ అక్కడ అడిగే ప్రశ్న. తీర్థంలో కొందరు అక్కర్లేదంటారు, ఇంటిపురోహితులు మాత్రం తద్దినం మానకూడదంటారు. నా మట్టుకు నేను మానను. ఏడాదికొకసారైనా ఆ పేర్లు నోటితో పలికే రోజు ఉండాలి.

మధ్యాహ్నం మాణా గ్రామం, సరస్వతి మీద భీమ్‌పుల్ చూసి వచ్చాం. తిరుగుదారిలో జోషీమఠ్ దగ్గర దీపాలు పెట్టేవేళ, అమ్మ మావాడితో అంది: "ఇంటికెళ్ళాక ఆ పుర్రెను అట్టపెట్టెలో పడెయ్యకు. శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టుకో. చదువు అయిపోయాక మీ కాలేజీకే అప్పగించు, ఇంకొకడికి అమ్మకు." వాడు సరేనన్నాడు. ఇప్పుడది వాడి బల్లమీద, తెల్లటి తువ్వాలులో ఉంది.

బ్రహ్మకపాలం వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. గుడి ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తెరిచి నవంబరులో మూస్తారు, ఆ నెలల్లోనే వెళ్ళాలి. పెద్దవాళ్ళుంటే జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగి ఎత్తుకు అలవాటు పడనివ్వండి. హరిద్వార్ పండాలు తమ యజమానుల వంశాలను బహీలనే పుస్తకాల్లో రాసి తరాలుగా దాచారు. మన ఇళ్ళల్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. కాబట్టి వెళ్ళినా వెళ్ళకపోయినా, ఇవాళే ఒక నోట్‌బుక్ తీసి ఇంట్లో అందరికన్నా పెద్దావిడ దగ్గర కూచోండి. నాయనమ్మలు, అమ్మమ్మలు, వాళ్ళ అమ్మలు, వాళ్ళ అత్తలు, పుట్టిన ఊళ్ళు, అసలు పేర్లు అడిగి రాసుకోండి.